రెండు వందల ఏహెచ్ ధీమా

అమలాపురంలో గానీ భీమవరంలో గానీ ఇన్వర్టర్ కొనబోయినవాణ్ణి కొట్టువాడు అడిగే మొదటి మాట, "బ్యాటరీ ఎంతది వెయ్యమంటారండీ?" అని. ఇంట్లో ఫ్యాన్లెన్ని, కరెంటు పోయినప్పుడు వాటిలో ఎన్ని తిరగాలి, పోయిన కరెంటు ఎన్నాళ్ళకొస్తుంది అన్న సంగతులు ఆ తర్వాత వస్తే వస్తాయి, లేకపోతే లేదు. కొనేవాడూ తక్కువ తినలేదు. "తుపాన్ల ఊరు, పెద్దదే వేసెయ్యండి" అంటాడు. 150 ఏహెచ్ సరిపోయే ఇంటికి 200 ఏహెచ్ చేరుతుంది, కాస్త కలిగినవాడైతే రెండు చేరతాయి. బ్యాటరీ ఎంత పెద్దదైతే అంత నిశ్చింత అన్నది ఇవాళ గోదావరి జిల్లాల్లో ఎదురులేని అభిప్రాయం. అది తప్పనీ, చాలా బ్యాటరీలు ఆయువు తీరకుండానే పోవడానికి ఆ నమ్మకం కూడా ఒక కారణమనీ నా వాదన.

దీనికి డెల్టావాడికి ధవళేశ్వరాన్ని మించిన సాక్ష్యం అక్కర్లేదు. అక్కడి కాటన్ బ్యారేజీ వెనక నిలిచే నీరు మూడు టీఎంసీల లోపే. టీఎంసీకి పదివేల ఎకరాల వరి అని ధారాళంగా లెక్క కట్టినా ఆ నిల్వ ముప్ఫైవేల ఎకరాలకు చాలదు. పండుతున్నది పది లక్షల ఎకరాలు. 1852లో తొలి ఆనకట్ట పూర్తయిన నాటినుంచీ ఈ డెల్టా తినే తిండి పారే నీటిది, దాచిన నీటిది చాలా కొద్ది. దాళ్వాలో నది సన్నబడితే మనం చూసేది సీలేరు నుంచి ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయని, కాలువలకు ఎంత పోతోందని. చాలదనుకుంటే వంతులు పెట్టుకుంటాం. శివారు భూములవాళ్ళు వంతు రాలేదని గొడవపడతారు, అదీ లెక్కలో భాగమే. ఇంత లెక్క తెలిసిన మనిషి ఇంటికొచ్చి, మెట్లకింద ట్రాలీలో కూర్చున్న పెట్టెను మాత్రం ధాన్యపు గాదె అనుకుంటాడు. ఎంత వస్తోంది, ఎంత పోతోంది అని అడగడు. గాదె పెద్దదైతే చాలంటాడు.

పోయేదాన్ని ముందు చూద్దాం. బ్యాటరీ మీద 150 ఏహెచ్ అని రాసి ఉంటే, ఇరవై గంటలపాటు ఏడున్నర ఆంపియర్ల చొప్పున నింపాదిగా తోడితే అంత వస్తుందని అర్థం. వేగంగా తోడితే అంతా రాదు. పైగా అడుగంటా తోడకూడదు. ట్యూబులర్ బ్యాటరీని ఐదింట నాలుగు వంతుల దాకా వాడవచ్చని కంపెనీలు అంటాయి, ఎప్పుడో ఒకసారికి అది నిజమే. మాటిమాటికీ అలా వాడితే ఆయువు తగ్గుతుంది. సగమే మనదనుకోవడం మర్యాద. ఇప్పుడు రెండు పాత సీలింగ్ ఫ్యాన్లు, ఒక్కొక్కటి 75 వాట్లు. నాలుగు ఎల్ఈడీ బల్బులు, 9 వాట్లవి. మొత్తం 186. ఇన్వర్టర్ తన వాటా తాను తినగా బ్యాటరీ ఇవ్వవలసింది సుమారు 220 వాట్లు, అంటే 18 ఆంపియర్లు. 150 ఏహెచ్‌లో సగం నాలుగు గంటల్లో అయిపోతుంది. 200 ఏహెచ్ అయితే ఐదున్నర గంటలు. ఎక్కువ డబ్బు పోసి కొన్న ధీమా గంటన్నర! అదే ఇంట్లో ఆ రెండు ఫ్యాన్లూ తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు బిగిస్తే, చిన్న బ్యాటరీయే ఎనిమిది గంటల దగ్గరకొస్తుంది. ఆ రాత్రికి అందరూ ఒకే గదిలో పడుకుని ఒక ఫ్యానూ ఒక బల్బూ వేసుకుంటే పదహారు గంటలు. గోదావరి జిల్లాల్లో పెళ్ళిళ్ళకు చుట్టాలొస్తే ఒకే గదిలో పదిమంది పడుకోవడం కొత్తేమీ కాదు కదా.

ఇక వచ్చేది. పెద్ద బ్యాటరీ వాదంలో అసలు బొక్క ఇక్కడుంది. ఇంటి ఇన్వర్టర్లు మామూలుగా పది, పదిహేను ఆంపియర్లతో చార్జి చేస్తాయి. బ్యాటరీ పెద్దది చేసినంత మాత్రాన లోపలున్న చార్జరు పెద్దదవదు. గాదె పెరిగింది, నింపే తట్ట అదే. కరెంటు నిలకడగా ఉన్న రోజుల్లో దీనివల్ల నష్టం కనబడదు. రాత్రంతా నిండుతూనే ఉంటుంది. తుపాను తర్వాత పరిస్థితి వేరు. లైన్లు బాగుచేస్తూ రెండు గంటలిస్తారు, నాలుగు గంటలు తీస్తారు. పైగా సీసం బ్యాటరీ ఎనభై శాతం దాకా చురుగ్గా పుచ్చుకుని, మిగిలిన ఇరవై శాతానికి గంటలకు గంటలు తీసుకుంటుంది. ఆ ఇరవై ఎన్నడూ నిండకపోతే ప్లేట్ల మీద సీసపు సల్ఫేటు గట్టిపడుతుంది. ఉప్పునీరెక్కిన పొలానికి చౌడు పట్టినట్టే అది. పైకి పొలం పొలంలాగే ఉంటుంది, దిగుబడి ఉండదు. ఏడాది తిరిగేసరికి 200 ఏహెచ్ అని రాసున్న పెట్టె వంద కూడా ఇవ్వదు, మనం కంపెనీని తిడతాం. దానికి తోడు డిస్టిల్డ్ వాటర్ దొరకలేదని బోరు నీళ్ళు పోసే ఇళ్ళున్నాయి; సముద్రం పక్కన కోనసీమ బోరు నీళ్ళు!

పెద్ద బ్యాటరీ పక్షంవారి వాదన ఒకటి న్యాయమైనది, దాన్ని తోసెయ్యను. ఒకే వాడకానికి బ్యాటరీ పెద్దదైతే అంత లోతుగా తోడక్కర్లేదు, అందుకని ఎక్కువకాలం వస్తుంది అంటారు. నిజం. తిరిగి నిండితేనే నిజం. మరి ఇంట్లో ఏం జరుగుతుంది? 200 ఏహెచ్ వచ్చిన వారానికే టీవీ లైను ఇన్వర్టర్‌కి కలుస్తుంది, నెలకు ఫ్రిజ్ కలుస్తుంది. పెద్ద కాలువ తవ్వితే శివారు దాకా నీరందుతుందనుకుంటే ఎగువవాళ్ళు అదనంగా రెండు తూములు పెట్టుకున్నట్టు.

లిథియం వచ్చేసింది, ఇంకా ఈ సీసం గోల దేనికంటారు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఎనభై, తొంభై శాతం వాడుకోవచ్చు, త్వరగా నిండుతుంది, సగం చార్జితో వదిలేసినా చౌడు పట్టదు. మంచి సరుకే. నాలుగు రోజులు కరెంటు లేకపోతే మాత్రం అదీ ఖాళీ పెట్టే. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు కోనసీమలో కొబ్బరిచెట్లతోపాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. అలాంటి విపత్తు లెక్క గంటల్లో ఉండదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. స్తంభాల చుట్టూ నీరు చేరితే ప్రాణాపాయమని సరఫరా ఆపక తప్పదు. కనకాయలంక, అయోధ్యలంక లాంటి ఊళ్ళలో ఏ రసాయనంతో చేసిన బ్యాటరీ అయినా, నింపే దారి లేనిదే రెండో రాత్రికి చేతులెత్తేస్తుంది.

ఆ దారి ఎండ. వరదలో ఎండేమిటని నవ్వొచ్చు. కానీ మన వరద మన వాన కాదు. మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో, తెలంగాణలో పడ్డ వాన. ఇక్కడ ఆకాశం తెల్లగా ఉండగా ఇంటిముందు గోదావరి పారడం లంకవాళ్ళకు తెలిసిందే. తుపాను వెళ్ళిన ఒకటి రెండు రోజులకు ఎండ కాస్తుంది. 200 వాట్ల సోలార్ పలక మంచి ఎండ రోజున, నష్టాలు పోను, ఆరేడు వందల వాట్ అవర్లు బ్యాటరీలో వేస్తుంది. ఒక ఫ్యాను, ఒక బల్బు పన్నెండు గంటలు వాడితే పోయేదీ అంతే. వచ్చేదీ పోయేదీ సరిపోయాక బ్యాటరీ 100 ఏహెచ్ అయినా ఒకటే, 200 అయినా ఒకటే. మబ్బు రోజున ఐదో వంతు కూడా రాదు, ఆ ఒకటి రెండు రోజులకే నిల్వ. "మా డాబామీద సూర్యఘర్ పలకలున్నాయి" అనేవారు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. బ్యాటరీ లేకుండా లైనుకు కట్టిన సోలార్, లైను ఆగితే తానూ ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్ చావకుండా ఉండాలని అలా చేశారు. కలతపడి ప్రయోజనం లేదు. జనరేటర్ ఉన్నవాళ్ళు దాన్ని రాత్రంతా ఫ్యాన్లకోసం మోగించి డీజిల్ తగలేస్తారు. అదే పొద్దున్నే రెండు మూడు గంటలు, సరిపడా పెద్ద చార్జరుతో, బ్యాటరీ చురుగ్గా పుచ్చుకునే వేళ తిప్పి, మందకొడిగా నిండే చివరి భాగాన్ని ఎండకు వదిలేస్తే నాలుగు రోజుల డీజిల్ పది రోజులొస్తుంది.

వచ్చేదీ పోయేదీ కొలిచి చూసుకోవడం క్యారవాన్‌వాళ్ళ దగ్గర నేర్చుకోవచ్చు. క్యారవాన్ అంటే మనకు తెలిసింది సినిమా హీరోది. రాజమండ్రి చుట్టుపక్కల షూటింగుల్లో పక్కన జనరేటర్ బండి రొద పెడుతూ ఉండాల్సిందే. అమెరికాలో మామూలు సంసారులు ఇల్లులాంటి బండి వేసుకుని, కరెంటు ప్లగ్గు లేని ఎడారిలో వారాలు గడుపుతారు. వాళ్ళు చూసేది బ్యాటరీ తీగలో కూర్చోబెట్టిన చిన్న మీటరు. ఎన్ని ఆంపియర్లు లోపలికి, ఎన్ని బయటికి అని అది చెబుతుంది. మన ఇన్వర్టర్ మీద వెలిగే నాలుగు పచ్చ లైట్లు ఆ సంగతి చెప్పవు. ఫ్యాన్లు తిరుగుతుంటే తక్కువ చూపిస్తాయి, ఆపితే ఎక్కువ చూపిస్తాయి. చవక మల్టీమీటరు వాటికంటే నిజాయితీపరురాలు. చార్జీ, వాడకం రెండూ ఆపి గంట రెండు గంటలు ఊరుకున్నాక 12.7 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సుమారు సగం, 11.9కి దిగితే ఆపెయ్యాలి.

ముసలివాళ్ళు, పసిపిల్లలు, దోమలు, ఉక్క. విపత్తు వేళ వోల్టులు లెక్కపెట్టే ఓపిక ఎవరికుంటుందన్న ఆక్షేపణే నాకు అన్నిటికంటే బరువైనదిగా తోస్తుంది. ఫ్యాను విలాసం కాదు, ఒప్పుకుంటాను. అందుకే ఆ లెక్క విపత్తుకు ముందే అయిపోవాలంటాను. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13కు రెండోది, 17కు మూడోది అని లంకల్లో పిల్లలకు కూడా తెలుసు. భద్రాచలం దాటిన నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. బ్యాటరీ మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ గీతదాకా పోయడానికి, టీవీ, ఫ్రిజ్ లైన్లు ఇన్వర్టర్ నుంచి ఊడదియ్యడానికి, 12.7 చూసేదాకా నింపడానికి ఆ ఒక్క రోజు చాలు.