ఒట్టేయించి పంపితే సరా?

మిర్చి యార్డులో టిక్కీలు మోసే హమాలీ ఒకతను రక్తం కక్కుకుని ఆసుపత్రిలో చేరాడనుకోండి. పది రోజులు సెలైన్లు, ఎండోస్కోపీ, రెండు బ్యాగుల రక్తం. ఇంటికి పంపే రోజు డాక్టరు చెప్పేది ఒకటే ముక్క: "ఇక తాగితే చస్తావ్." భార్య పిల్లాడి నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టేయిస్తుంది. బావమరిది కోటప్పకొండకు మొక్కుకోమంటాడు. చేతికిచ్చిన చీటీలో కాలేయానికి మాత్రలుంటాయి. ఆ కాలేయాన్ని తినేసిన జబ్బుకి ఒక్కటీ ఉండదు.

ఇదేమిటని అడిగితే అందరి దగ్గరా ఒకటే జవాబు: "మనసుంటే మానలేడా? అయ్యప్ప మాలేస్తే నలభై ఒక్క రోజులు ముట్టడం లేదూ?"

ముట్టడు, నిజమే. కానీ ఆ మాలలో ఏముందో చూడండి. వెనక గురుస్వామి, తెల్లారుజామున చన్నీళ్లు, పక్కన తోటి స్వాములు. నిన్నటిదాకా 'ఒరే' అన్నవాళ్లే ఇవాళ 'స్వామీ' అంటారు. అతన్ని నిలబెట్టింది మనసొక్కటే కాదు, చుట్టూ కట్టిన ఆ దడి కూడా. మాల తీసిన రాత్రి దడి ఊడుతుంది, కాళ్లు బెల్టు షాపు దారి పడతాయి. మాల సాక్ష్యం మీ వాదనకు కాదు, నా వాదనకే పనికొస్తుంది.

పైగా ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు ఉన్నట్టుండి ఆపితే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. మూడో రోజుకి లేని పురుగులు ఒంటిమీద పాకినట్టుంటాయి. కాలు విరిగి ఆసుపత్రిలో చేరినవాడు అర్ధరాత్రి మంచం దిగి పరుగెడితే గాలి సోకిందని తాయెత్తు కట్టేవాళ్లున్నారు. అది గాలి కాదు, ప్రాణం తీయగల జబ్బు. థయమిన్, లోరాజెపామ్ వంటివి వేళకు పడాలి. గట్టి మనసుకి ఫిట్స్ ఆగవు.

ఇంకో వర్గం ఉంది: "తాగుబోతుని అడిగేదేంటి? చెప్పకుండా కూరలో కలిపేయండి." అలా కలిపే డైసల్ఫిరామ్ మాత్ర మింగిన మనిషి ఆ సంగతి తెలియక క్వార్టర్ వేస్తే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. దెబ్బతిన్న కాలేయానికి ఆ మాత్రే అపాయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడువల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. అర్థం చేసుకుని నిర్ణయించుకోగల మనిషికి అతని సమ్మతి లేకుండా వైద్యం చేయకూడదంది.

రోగిని అడగడానికేమీ లేదా? తాగాలన్న యావను తగ్గించే నాల్‌ట్రెక్సోన్ ఉంది. దీన్ని మాత్రగానూ ఇస్తారు, నెలకోసారి సూదిగానూ ఇస్తారు. అకాంప్రోసేట్ కాలేయం మీద భారం వేయదు, కిడ్నీలు బాగుండాలి. బాక్లోఫెన్‌ని లివర్ సిరోసిస్ రోగులకే ఇచ్చి పరీక్షించి, పనిచేస్తుందని 2007లో లాన్సెట్‌లో ప్రకటించారు. మందులక్కర్లేని దారీ ఉంది. గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్లు కాని సలహాదారులు నాలుగు మాటలు కూర్చుని మాట్లాడితే, మూడు నెలలకి ప్రమాదపు తాగుడు నుంచి బయటపడినవాళ్లు 36 శాతం. మామూలు వైద్యం అందినవాళ్లలో 26. కాలేయం పూర్తిగా చెడినవాడు తగ్గిస్తే చాలదు, మానాల్సిందే. ఆ మాట గట్టిగా అనేసి ఊరుకోవడం మాత్రం వైద్యం కాదు.

ఇందులో ఏది తనకి కుదురుతుందో రోగికే తెలుస్తుంది. కల్లాల్లో పని దొరికే నెలల్లో "సెంటర్లో నెల రోజులుండు" అంటే కూలీ తలూపుతాడు, పోడు. అదే మనిషి నెలకో సూదికి రావచ్చు.

మద్యాన్నే ఆపేస్తే సరిపోదా అంటారా? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించడం న్యాయం. 1993లో సారా పోయింది, 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. కొట్టు మూసినా తెరిచినా, చేతులు వణికేవాడికి మంచం పక్కన కూర్చునే మనిషిని మాత్రం ఎవరూ పెట్టలేదు. ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో తేల్చిందేమిటంటే, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది.

డిశ్చార్జి చీటీ చేతికందే ముందే "మా ఆయన్ని మానసిక వైద్య విభాగానికి కూడా చూపించండి" అని అడగండమ్మా. గుంటూరు జీజీహెచ్‌లో ఆ విభాగం ఉంది. అక్కడిదాకా పోలేకపోతే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.