పొట్ట క్యాన్సర్‌కు ప్రోబయోటిక్స్: తోడు మాత్రమే, మందు కాదు

పొట్టలో మంట అంటూ మందుల షాపుకు వెళ్లినవారికి ఈమధ్య గ్యాస్ మాత్రతోపాటు ఒక ప్రోబయోటిక్ క్యాప్సూల్ కూడా చేతికి వస్తోంది. ‘మంచి బ్యాక్టీరియా’ అన్న మాట పెరుగు కప్పుల మీద నుంచి టీవీ ప్రకటనల్లోకి, అక్కడి నుంచి వాట్సాప్‌లోకి పాకింది. ఈ బ్యాక్టీరియా జీర్ణాశయ క్యాన్సర్‌ను కూడా అడ్డుకుంటుందన్న ప్రచారం ఇప్పుడు దానికి తోడైంది. దీని వెనక శాస్త్రం లేకపోలేదు. కానీ ప్రయోగశాల చెప్పిన మాట ఒకటి, జనానికి చేరుతున్న మాట మరొకటి. ఎండోస్కోపీ చేయించుకోవాల్సిన సమయంలో క్యాప్సూల్‌తో సరిపెట్టుకునే రోగికి ఈ తేడా ఖరీదైనది.

2022లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 9.7 లక్షల మందిలో జీర్ణాశయ క్యాన్సర్ కొత్తగా బయటపడింది. సుమారు 6.6 లక్షల మంది చనిపోయారు. ఈ కేసుల్లో అత్యధిక భాగానికి మూలం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే మెలి తిరిగిన బ్యాక్టీరియా. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ 1982లో దీన్ని ప్రయోగశాలలో పెంచగలిగారు. జీర్ణాశయంలోని ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బతకదని అప్పటి వైద్యుల నమ్మకం. వాళ్లను ఒప్పించడానికి 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని స్వయంగా తాగి జీర్ణాశయ వాపు తెచ్చుకున్నారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లో పైలోరీని మొదటి శ్రేణి క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి దక్కింది.

ఈ బ్యాక్టీరియా యూరియాను అమ్మోనియాగా మార్చి, తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచేస్తుంది. జీర్ణాశయం గోడ మీది జిగురు పొరలోకి దూరి అక్కడే దశాబ్దాలపాటు కాపురం పెడుతుంది. కొన్ని రకాలు క్యాగ్-ఎ అనే ప్రొటీన్‌ను సిరంజితో ఎక్కించినట్టు కణాల్లోకి నెడతాయి. వాపు మొదలై, గ్రంథులు క్షీణించి, జీర్ణాశయం లోపలి పొర కొన్నిచోట్ల పేగు పొరలా మారి, చివరికి కొందరిలో క్యాన్సర్‌కు దారితీస్తుంది. సోకిన వంద మందిలో ఒకరి నుంచి ముగ్గురి వరకే ఇంత దూరం వెళ్తుంది. భారతదేశంలో పెద్దవారిలో సగానికి పైగా ఈ బ్యాక్టీరియా ఉన్నా, జపాన్, కొరియాలతో పోలిస్తే ఇక్కడ ఈ క్యాన్సర్ తక్కువ. కారణం ఇంకా చర్చలోనే ఉంది.

ప్రోబయోటిక్స్ మీద ఆశ పుట్టింది ఈ బ్యాక్టీరియా దగ్గరే. లాక్టోబాసిల్లస్ జాతి సూక్ష్మజీవులు విడుదల చేసే లాక్టిక్ ఆమ్లం పైలోరీ పెరుగుదలను తగ్గిస్తుంది. కొన్ని రకాలు జీర్ణాశయ గోడ మీద చోటు కోసం దానితో పోటీ పడతాయి. రియూటెరీ జాతిలోని ఒక రకమైతే పైలోరీకి అతుక్కుని ముద్దలా చేస్తుంది. ప్రయోగశాలలో పెంచిన జీర్ణాశయ క్యాన్సర్ కణాల మీద ఇలాంటి బ్యాక్టీరియా ద్రవాలు పోస్తే కణాల పెరుగుదల ఆగిందనీ, కొన్ని చనిపోయాయనీ చాలా పరిశోధనలు చెప్పాయి. వార్తలకు శీర్షికలు దొరికేది ఇక్కడే. అయితే గాజు గిన్నెలో క్యాన్సర్ కణాలను చంపడం అంత గొప్ప విషయమేమీ కాదు. నిమ్మరసం పోసినా చస్తాయి. మనిషి జీర్ణాశయంలో ఆమ్లం ఉంటుంది, జిగురు పొర ఉంటుంది, మింగినదాన్ని కొన్ని గంటల్లోనే కిందికి నెట్టేసే కండరాలుంటాయి. గిన్నెలో ఇవేవీ ఉండవు.

మరి మనుషుల్లో ఏం తేలింది? ప్రోబయోటిక్ ఒక్కదానితోనే పైలోరీ పూర్తిగా పోవడం అరుదు. యాంటీబయోటిక్ చికిత్సకు తోడుగా ఇచ్చినప్పుడు మాత్రం ఒక ఉపయోగం స్పష్టంగా కనిపించింది. విరేచనాలు, వికారం వంటి ఇబ్బందులు తగ్గాయి. 2022లో వెలువడిన మాస్ట్రిక్ట్ నిపుణుల నివేదిక కూడా ఇదే చెప్పింది. చికిత్స ఫలితం మెరుగైతే అది దుష్ప్రభావాలు తగ్గడం వల్లనే తప్ప, ప్రోబయోటిక్ నేరుగా పైలోరీని చంపడం వల్ల కాకపోవచ్చన్నది ఆ నిపుణుల అభిప్రాయం.

ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది, కానీ కాదు. పైలోరీ చికిత్సలో రోజూ మూడు నాలుగు రకాల మందులు, తరచుగా 14 రోజులపాటు వేసుకోవాలి. నోట్లో లోహపు రుచి, కడుపులో తిప్పడం, విరేచనాలు. మంట తగ్గగానే ఐదో రోజునో ఆరో రోజునో మాత్రలు పక్కన పడేసేవారు తక్కువేమీ కాదు. సగంలో ఆగిన కోర్సు మందులకు లొంగని బ్యాక్టీరియాను మిగులుస్తుంది. మన దేశంలో పైలోరీ ఇప్పటికే మెట్రోనిడజోల్ వంటి మందులకు పెద్ద ఎత్తున మొండికేస్తోంది. రోగి పద్నాలుగో రోజు దాకా నిలబడేందుకు ఒక క్యాప్సూల్ సాయపడితే అది దాని ధరకు న్యాయం చేసినట్టే. దాని అసలు గొప్పతనం ఇదే. ప్రకటనల్లో కనిపించనిదీ ఇదే.

పైలోరీని తొలగిస్తే క్యాన్సర్ తగ్గుతుందనడానికి మాత్రం గట్టి ఆధారాలున్నాయి. చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రం లింకూ కౌంటీలో 1995లో పైలోరీ ఉన్న గ్రామీణులకు రెండు వారాల చికిత్స ఇచ్చారు. 22 ఏళ్ల తర్వాత చూస్తే వారిలో జీర్ణాశయ క్యాన్సర్ దాదాపు సగానికి తగ్గింది. అదే కౌంటీలో 1.8 లక్షల మందితో జరిగిన మరో ప్రయోగం ఫలితాలు 2024లో వచ్చాయి. అక్కడ తగ్గుదల 14 శాతమే. బ్యాక్టీరియా నిజంగా తొలగిపోయినవారిలో 19 శాతం. తైవాన్‌కు చెందిన మాట్సు దీవుల్లో 2004 నుంచి జనాభా మొత్తానికి పరీక్ష, చికిత్స అందించాక ఈ క్యాన్సర్ సగానికి పైగా తగ్గింది. ప్రోబయోటిక్స్ విషయంలో ఇంతమందిని ఇన్నేళ్లు గమనించి, క్యాన్సర్ వచ్చిందా రాలేదా అని లెక్క తేల్చిన ప్రయోగం లేదు. అందుకే ‘నివారిస్తుంది’ అన్న మాట వాడే హక్కు ఇప్పటికి ఎవరికీ లేదు.

పైగా కథలో ఇంకో మలుపు ఉంది. జీర్ణాశయ క్యాన్సర్ రోగుల కణజాలంలో లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా, అంటే లాక్టోబాసిల్లస్‌తో సహా, మామూలుకన్నా ఎక్కువగా ఉన్నట్టు పలు పరిశోధనలు గుర్తించాయి. గ్రంథులు క్షీణించి ఆమ్లం తగ్గిన జీర్ణాశయంలో ఎవరైనా కాపురం పెట్టొచ్చు కాబట్టి ఇవి ఖాళీ ఇంట్లో దిగిన అద్దెదారులే కావచ్చు. ఇల్లు కూలడంలో వాటి చెయ్యి కూడా ఉందా అన్న అనుమానానికి మాత్రం ఎలుకలు చోటిచ్చాయి. అమెరికాలోని ఎంఐటీలో, ఈ క్యాన్సర్ తొందరగా వచ్చేలా జన్యుమార్పు చేసిన ఎలుకలను వాడారు. పైలోరీ తప్ప మరే సూక్ష్మజీవీ లేని ఎలుకల్లో వ్యాధి నెమ్మదిగా ముదిరింది. ఎలుకల్లో సహజంగా ఉండే మూడు జాతుల బ్యాక్టీరియాను జత చేస్తే చాలు, వేగం పెరిగింది. ఆ మూడింటిలో ఒకటి లాక్టోబాసిల్లస్. ఎలుకల సంగతి మనుషులకు యథాతథంగా వర్తించదు. కానీ గిన్నెలోని కణాలను చూసి ఆశపడేవారు ఎలుకలను చూసి కాస్త ఆగడం న్యాయం.

‘పులిసిన ఆహారమంతా పొట్టకు రక్ష’ అన్న నమ్మకాన్నీ పక్కన పెట్టాలి. దేశంలో జీర్ణాశయ క్యాన్సర్ అత్యధికంగా ఉన్న రాష్ట్రం మిజోరం. అక్కడి సా-ఉమ్ పులియబెట్టిన పంది కొవ్వు. దీనికీ, పొగబెట్టిన మాంసానికీ, పొగాకు పొగ పట్టించిన నీరు తుయ్‌బుర్‌కూ ఈ క్యాన్సర్‌తో సంబంధం ఉన్నట్టు అక్కడి అధ్యయనాలు సూచించాయి. ఊరబెట్టిన కూరగాయలు రోజూ తినే కొరియా, జపాన్‌లలో ఈ క్యాన్సర్ ఎప్పటినుంచో ఎక్కువే. అక్కడ అనుమానం ప్రధానంగా ఉప్పు మీద. ఈ లెక్కన ఆవకాయను ‘సహజ ప్రోబయోటిక్’ అంటూ పొగిడే వీడియోలు అందులోని ఉప్పు సంగతి కూడా చెబితే బాగుండేది. పెరుగు మంచి ఆహారమే, సందేహం లేదు. అయితే ఇంట్లో తోడు వేసిన పెరుగులో ఏ రకం బ్యాక్టీరియా ఎంత ఉందో ఎవరికీ తెలియదు కనుక శాస్త్రపరంగా దాన్ని ప్రోబయోటిక్ అనరు.

రకం పేరు ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి ఒడిశా చాలు. అక్కడి గ్రామాల్లో 4,500 మందికి పైగా నవజాత శిశువులకు ప్లాంటారమ్ జాతిలోని ఒక నిర్దిష్ట రకాన్ని ఇచ్చి చూశారు. ప్రాణాంతక రక్త ఇన్ఫెక్షన్లు, మరణాలు కలిపి 40 శాతం తగ్గాయని 2017లో నేచర్ పత్రికలో ప్రచురించారు. ఒక రకం, ఒక మోతాదు, ఒక వ్యాధి. ఫలితం ఆ మూడింటికే చెందుతుంది. 2011 నాటి ఐసీఎంఆర్-డీబీటీ మార్గదర్శకాలు లేబుల్ మీద జాతితోపాటు రకం పేరు, గడువు తేదీ నాటికి బతికి ఉండే బ్యాక్టీరియా సంఖ్య ఉండాలన్నాయి. ఉట్టి ‘లాక్టోబాసిల్లస్’ అని రాయడం ఇంటిపేరు రాసి ఊరు రాయని ఉత్తరం లాంటిది. క్యాన్సర్ మాట ఎత్తే ప్రతి ఉత్పత్తినీ నియంత్రణ సంస్థలు ముందు ఈ వివరాలు అడగాలి. అలాంటి ప్రయోగం మిజోరంలో పెడితే అడగాల్సిన ప్రశ్న కూడా సిద్ధంగానే ఉంది: తోడుగా ప్రోబయోటిక్ ఇస్తే కోర్సు పూర్తిచేసేవారు ఎంతమంది పెరుగుతారు?

ఇప్పటికే క్యాన్సర్ ఉన్నవారి సంగతి వేరు. కీమోథెరపీతో తెల్ల రక్తకణాలు పడిపోయినప్పుడు, రక్తనాళంలో గొట్టం అమర్చినప్పుడు ‘మంచి’ సూక్ష్మజీవులే రక్తంలోకి చేరి ఇన్ఫెక్షన్ తెచ్చిన సందర్భాలున్నాయి. వైద్యుడిని అడగకుండా వారు ఏ క్యాప్సూలూ మింగకూడదు.

మిగిలినవారు చేయాల్సింది పెద్దగా ఖర్చు లేనిదే. వారాల తరబడి తగ్గని పొట్ట మంట, కారణం లేకుండా బరువు తగ్గడం, రెండు ముద్దలకే కడుపు నిండినట్టుండటం, నల్లటి మలం కనిపిస్తే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పైలోరీ ఉందో లేదో శ్వాస పరీక్షతోగానీ మల పరీక్షతోగానీ తేలిపోతుంది. ఉంటే కోర్సు చివరి మాత్ర దాకా వేసుకోవాలి. ఆపైన కనీసం నాలుగు వారాలు ఆగి, బ్యాక్టీరియా పోయిందో లేదో మళ్లీ పరీక్షించుకోవాలి. చాలామంది ఎగ్గొట్టేది ఈ రెండో పరీక్షనే.