గాలి తుపాకీ: కాగితం మీద గురి, చేలో గురి

గత రబీలో అరసవల్లి సమీపాన మొక్కజొన్న సాగుచేసిన ఒక రైతు నన్ను చేను గట్టు మీదికి తీసుకువెళ్లి, కొత్తగా కొన్న ఎయిర్ రైఫిల్ చూపి, "మాస్టారూ, ఇది పనికొస్తాదేటి?" అని అడిగారు. పొత్తులు పాలుపోసుకునే దశలో ఉన్నాయి. గట్టు వెంబడి వరుసల్లో చిలుకలు తొడుగులు చీల్చి గింజ తినేశాయి. నా వెంట వచ్చిన విద్యార్థులు "చట్టవిరుద్ధం" అని ఒక్క మాటతో ముగించారు. ఆ జవాబు తప్పు కాదు, కాని చాలదు. రైతు అడిగింది పనిముట్టు గురించి. కొత్త రకం విత్తనాన్నీ, కొత్త మందునూ పరీక్షించి మాట్లాడే మనం దీనిని మాత్రం చూడకుండానే తోసిపుచ్చడం విస్తరణ ధర్మం కాదని నా అభిప్రాయం.

అందుచేత ఆయన పెరట్లోనే గోడకు ఇసుక బస్తాలు పేర్చి, కాగితం అంటించి చూశాము. ఒక్క మంచి గుండు చూసి తుపాకీని మెచ్చుకోవడం, ఒక్క మంచి కంకి చూసి రకాన్ని విడుదల చేయడం వంటిది. అయిదేసి గుండ్లను ఒక గుంపుగా తీసుకుని, అటువంటి గుంపులు అనేకం కాల్చి, వాటి వ్యాప్తిని కొలవాలి. కాల్చే మనిషినీ మార్చి చూడాలి. ఇది స్ప్రింగు రకం. మీట నొక్కగానే లోపలి పిస్టన్ కదలిక వల్ల తుపాకీ ముందు వెనక్కి, ఆపైన ముందుకు తన్నుతుంది. గుండు గొట్టం దాటకముందే ఈ కుదుపు మొదలవుతుంది కనుక పట్టులో ఏమాత్రం తేడా వచ్చినా గుంపు చెదురుతుంది. బస్తా మీద ఆనించినప్పుడు ఒద్దికగా పడిన గుండ్లు, నిలబడి కాల్చినప్పుడు కాగితమంతా పరచుకున్నాయి.

క్రీడగా దీనికి లోటు లేదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటరు మాత్రమే. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణమూ, 2012లో లండన్‌లో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యమూ ఆ చుక్క మీదనే సాధించారు. అర గ్రాము గుండు సెకనుకు 175 మీటర్ల వేగంతో వెళితే దాని శక్తి ఎనిమిది జౌల్స్ కూడా ఉండదు. కాగితానికి అది చాలు.

చేనికి చాలదు. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం బోరు 4.5 మిల్లీమీటర్లు, గొట్టం చివర శక్తి 20 జౌల్స్ మించని గాలి తుపాకీకి లైసెన్సు అక్కరలేదు. కాని తుపాకీకి లైసెన్సు అక్కరలేదంటే వేటకు అనుమతి ఉన్నట్టు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో ఉన్న జీవిని వేటాడడం నిషిద్ధం. రామచిలుక ఆ షెడ్యూళ్లలో ఉన్నది. చట్టాన్ని పక్కన పెట్టి భౌతికశాస్త్రాన్నే అడిగినా జవాబు మారదు. పైన చెప్పిన వేగంతో 30 మీటర్లు వెళ్లేసరికి, గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోయినా, గుండు గొట్టం చూపే రేఖ నుంచి దాదాపు 14 సెంటీమీటర్లు దిగుతుంది. ఊగే పొత్తు మీద కదిలే పిట్ట, దూరమేమో కంటి అంచనా. ఫలితం ఎక్కువసార్లు తప్పిపోవడం, లేదా గాయపడిన పక్షి ఎక్కడో పడి చావడం. అడవిపంది మీద ప్రయోగించాలనుకునేవారు కూడా ఉన్నారు. గాయపడిన పంది కాల్చినవాని మీదికే రావచ్చు.

మరొక సంగతి మా విద్యార్థులలో ఒకరు గమనించారు. ఈ తుపాకీకి పెద్ద చప్పుడు లేదు. ఒక చిలుక పడినా మిగిలిన గుంపు కాసేపటికి తిరిగి వాలుతుంది. మంచె మీది పిల్లవాని కేక, ఒడిసెల దెబ్బ గుంపునంతా లేపుతాయి. గురి తప్పినా అవి పనిచేస్తాయి!

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరు. చిలుకల కోసం కొన్న తుపాకీ మొక్కజొన్న చేలోనే ఉండిపోదు. ఇదే జిల్లాలో తేలినీలాపురానికి గూడబాతులు, తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు ఏటా వచ్చి గూళ్లు కట్టుకుంటాయి. ఆ కొంగలు వరిమళ్లలో నత్తలను ఏరితింటాయి. పురుగులు తినే పిట్టల కోసం చేలో పక్షి స్థావరాలు నాటమని మనమే చెబుతూ, పక్క గట్టు మీద తుపాకీని చూసీచూడనట్టు ఊరుకోవడం ఏమి పద్ధతి?

రైతుకు ప్రత్యామ్నాయం చెప్పాలి. గట్టు వరుసల పొత్తులకు ఆ మొక్క ఆకునే చుట్టవచ్చు. మెరిసే రిబ్బను కట్టవచ్చు, పక్షులు దానికి అలవాటు పడకముందే, అంటే పాలుపోసుకునే కొద్ది రోజులకే. అన్నిటికన్నా మేలైనది ఊరంతా ఇంచుమించు ఒకేసారి విత్తుకోవడం. ముందుగా పాలుపోసుకున్న ఒంటరి చేను మీదనే గుంపులన్నీ పడతాయి. ఇక, నేను చూసిన క్షేత్ర సందర్శన పుస్తకాలలో పురుగులకు, తెగుళ్లకు గడులున్నాయి గాని పక్షి నష్టానికి లేదు. ఎంత పోయిందో రాయని మనం రైతు కోపాన్ని ఎలా తప్పుపడతాము?

ఆ తుపాకీ ఇప్పుడు అటక మీద ఉంది. సెలవుల్లో వచ్చే మనవడు ఇసుక బస్తాల ముందు కాగితం కాలుస్తున్నాడట. వచ్చే రబీకి చుట్టుపక్కల చేలవారితో కలిసి ఒకే వారంలో విత్తుతానని రైతు అన్నారు, వారు ఒప్పుకుంటే.