మతమా, ఆధ్యాత్మికతా? మన వేల్పులు ఏ గడిలో పడతరు?

అశోక్ నగర్‌లో రూం తీసుకుని, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దంతా చదువుకునే ఆదివాసీ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు జోహార్. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం దిక్కు నుంచి గ్రూప్స్ కోసం వచ్చిన మీతో ఈసారి సిలబస్‌లో లేని ముచ్చట ఒకటి మాట్లాడాలె.

మీరుండే చోట దేవుళ్ళకు కొదవ లేదు. చిక్కడపల్లిలో వెంకటేశ్వరస్వామి గుడి, పక్కనే దోమలగూడలో రామకృష్ణ మఠం, నారాయణగూడలో వైఎంసీఏ. ఇక ఫోన్ తెరిస్తే ధ్యానం మీద ప్రసంగాలు. రూములో మాట వస్తే రెండే దారులు కనిపిస్తయి. ఒకటి మతం. దానికి ఒక గ్రంథం, గుడో చర్చో మసీదో, నడిపించే పెద్దలు ఉంటరు. రెండోది వ్యక్తిగత ఆధ్యాత్మికత. "దేవుడు నాలోనే ఉన్నడు, మధ్యలో ఎవరూ అక్కర్లేదు" అనే దారి. చదువుకున్నోళ్ళకు ఈ రెండోది బాగా నచ్చుతది.

మరి "మీ దేవుడెవరు?" అని అడిగితే మీరేం చెప్తున్నరు? కొందరు ఏదో ఒక మతం పేరు చెప్తరు. కొందరు "నాకు అవేం లేవు, జస్ట్ స్పిరిచువల్" అని తప్పించుకుంటరు. తప్పు మీది కాదు. అడిగే ప్రశ్నలోనే మనకు చోటు లేదు.

కేస్లాపూర్ నాగోబానే చూడండి. మెస్రం వంశస్తులు చెప్పుల్లేకుండ రోజుల తరబడి నడిచి, కలమడుగు దగ్గర హస్తినమడుగులో గోదావరి జలం తెస్తరు. పుష్య మాస అమావాస్య రాత్రి ఆ నీళ్ళతోనే పూజ. ఇంటికి కొత్తగా వచ్చిన కోడళ్ళను భేటింగ్‌లో దేవునికి పరిచయం చేస్తరు. దీన్ని ఒక్కడు రూములో కూర్చుని చేయగలడా? వంశం, నది, నడక లేకపోతే ఆ పూజే లేదు. అట్లని ఇది ఊరూరా శాఖలు పెట్టి మనుషులను చేర్చుకునే సంస్థా? అదీ కాదు.

మేడారం కూడా అంతే. సమ్మక్క చిలకలగుట్ట నుంచి, సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తరు. తెచ్చేది కోయ పూజారులు. గద్దె మీద విగ్రహం ఉండదు. లక్షల మంది వచ్చి బెల్లం బంగారం పెట్టి పోతరు. నీ మతమేంది అని వాళ్ళను ఎవరూ అడగరు, మా మతంలోకి రా అని ఎవరూ పిలవరు.

అంటే మనది మూడో దారి. సంస్థ కాదు, సమూహం. ఒక్కరి మనసులో ఉండేది కాదు, గుట్టలో, వాగులో, చనిపోయిన పెద్దల్లో, గోత్రంలో ఉండేది.

ఈ తేడా కోర్టుల దాకా పోయింది. ఒడిశాలో నియమగిరి కొండను బాక్సైట్ కోసం వేదాంత కంపెనీ అడిగినప్పుడు, అది మా నియమరాజా కొండ అని డోంగ్రియా కోందులు నిలబడ్డరు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఆ విషయం గ్రామసభల ముందు పెట్టమన్నది. ఆ ఏడాదే 12 గ్రామసభలు కూర్చుని, 12కు 12 తవ్వకం వద్దన్నయి. ఒక్కసారి ఆలోచించండి. ఆ ఊళ్ళ జనం "దైవం మా మనసులో ఉంది" అని ఊరుకుంటే కొండ దక్కేదా? మనసులో ఉండే దేవునికి కొండతో పనేముంది అని కంపెనీ అడగదా? మీరు పాలిటీలో చదివే ఆర్టికల్ 25 అక్కడ ఒక కొండకు కాపలా కాసింది. కొలిచే జనం ఊరుగా కలిసి చెప్పబట్టే కాసింది.

ఇప్పుడు అసలు సంగతి. 2027 ఫిబ్రవరిలో జనగణన వస్తుంది. బ్రిటిష్ కాలం లెక్కల్లో ఆదివాసీ మతాలకు వేరే గడి ఉండేది, స్వాతంత్ర్యం తర్వాత అది పోయింది. 2011 ఫారంలో ఆరు మతాలకు కోడ్‌లు ఇచ్చి, వేరేదైతే పేరు పూర్తిగా రాయమన్నరు. అట్ల సుమారు 49 లక్షల మంది సర్నా అని, 10 లక్షలకు పైగా గోండి అని రాయించుకున్నరు. సర్నాకు వేరే కోడ్ కావాలని 2020 నవంబర్‌లో జార్ఖండ్ అసెంబ్లీ తీర్మానం చేసింది.

అయితే గడి కోసం మనం కూడా ఒక గ్రంథం, ఒక గురువు, ఒక జెండా తయారు చేసుకోవాల్నా? ఈ భయం న్యాయమైనదే. గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు వేరు, కోయల వేల్పులు వేరు. అందరినీ ఒకే మూసలో పోస్తే మిగిలేది ఇంకో మతమే. పేరు ఒక్కటి పెట్టుకోవచ్చు, పూజ మాత్రం ఊరి చేతిలోనే ఉండాలె. ఆ పేరేంది అన్నది హైదరాబాద్‌లో కూర్చున్న మనం కాదు, ఊళ్ళో పెద్దలు, ఆడవాళ్ళు, యువత కలిసి తేల్చాలె.

మాల వేసుకున్న అన్నతో, చర్చికి పోయే అక్కతో కొట్లాట వద్దు. వాళ్ళ నమ్మకం వాళ్ళ హక్కు. 1950 షెడ్యూల్డ్ ట్రైబ్స్ ఉత్తర్వులో మతం షరతు లేదు. ఏ మతం రాయించినా, ఏదీ రాయించకున్నా ఎస్టీ హోదా పోదు. భయపెట్టేవాళ్ళకు ఈ ముక్క చెప్పండి. కానీ ఒక మాట. మీ ప్రార్థన మీ సొంతం, ఊరి వేల్పు మీ ఒక్కరి సొంతం కాదు. దాన్ని వదిలేసే హక్కు కూడా ఒక్కరిది కాదు.

ఈసారి పండక్కి ఊరికి పోయినప్పుడు మీ గోత్రం కథ పెద్దలనడిగి రాసుకోండి. ఫోన్‌లో రికార్డు చేయండి. గణకులు మీ రూముకు వచ్చినప్పుడు జవాబు ఓనరుకో, రూమ్మేటుకో, వార్డెనుకో వదలకండి. మీ నోటితో మీరే చెప్పండి. ఏం రాసిన్రో చదివి చూసుకోండి.

జోహార్.