ఫోన్ ఫిర్యాదుకు వాయిస్ కార్డు ఒక్కటే చాలదు

పులివెందుల: ఫోన్ చేస్తే యంత్రమే పలికి, అంకె నొక్కమని చెప్పి, మన గొంతును నమోదు చేసుకునే విధానం రాష్ట్రంలో కొత్తది కాదు. రైతులకు సలహాలిచ్చే కిసాన్ కాల్ సెంటర్ 2004 జనవరిలోనే మొదలైంది. ఇప్పుడు చిన్న కార్యాలయం కూడా ఒక కంప్యూటర్‌తో ఇటువంటి లైను నెలకొల్పుకోవచ్చు. అయితే దాని అమరిక సరిగా లేకుంటే ప్రజల మాట దారిలోనే ఆగిపోయే ప్రమాదం ఉంది.

వేముల మండలం తుమ్మలపల్లె ప్రాంతానికి ఈ విషయం ముఖ్యమైనది. ఇక్కడి యురేనియం గని, శుద్ధి కర్మాగారం 2012 ఏప్రిల్‌లో ప్రారంభమయ్యాయి. వ్యర్థాల చెరువు వల్ల బోరు నీరు పాడవుతోందని పరిసర గ్రామాల రైతులు ఫిర్యాదు చేస్తూ వచ్చారు. యురేనియం కార్పొరేషన్ ఆ ఆరోపణను తోసిపుచ్చింది. నిజం తేల్చాల్సింది నీటి పరీక్షలే. కానీ ఏ బోరుపై, ఏ తేదీన ఫిర్యాదు వచ్చిందో నమోదై ఉంటేనే ఎక్కడ, ఎప్పుడు పరీక్షించాలో తెలుస్తుంది.

కార్డు చేసే పని

కంప్యూటర్‌లో అమర్చే వాయిస్ కార్డు గంటను గుర్తించి లైను ఎత్తుతుంది. నొక్కిన ప్రతి అంకెను రెండు స్వరాల జోడీగా పోల్చుకుంటుంది. గొంతును సెకనుకు 8,000 నమూనాలుగా భద్రపరుస్తుంది. నిమిషం మాటకు దాదాపు 480 కిలోబైట్లు పడుతుంది. 1983లో అమెరికాలో నెలకొల్పిన డైలాజిక్ సంస్థ కార్డులు ఈ రంగంలో పేరుపొందాయి. నేడు ఈ పనిని ఎక్కువగా ఇంటర్నెట్ టెలిఫోనీ సాఫ్ట్‌వేర్ చేస్తోంది. అయినా పాత టెలిఫోన్ తీగను కలపాలంటే కార్డో, గేట్‌వే పెట్టో తప్పదు.

పొరపాటు ఎక్కడ?

మొదటిది దేశం ఎంపిక. మన ఎంగేజ్ స్వరం 400 హెర్ట్జ్‌లో ముప్పావు సెకను మోగి, ముప్పావు సెకను ఆగుతుంది. అమెరికాలో అది 480, 620 హెర్ట్జ్ స్వరాల కలయిక, అర సెకను చొప్పున వినిపిస్తుంది. కార్డును అమెరికా అమరికలోనే వదిలేస్తే, అవతలి వ్యక్తి ఫోన్ పెట్టేసినట్లు యంత్రానికి తెలియకపోవచ్చు. అప్పుడది ఆ స్వరాన్నే రికార్డు చేస్తూ లైనును పట్టుకుని కూర్చుంటుంది. తర్వాత ఫోన్ చేసేవారికి ఎంగేజే వినిపిస్తుంది.

రెండోది లైన్ల సంఖ్య. నాలుగు లైన్ల కార్డుకు ఐదో వ్యక్తి ఫోన్ చేస్తే ఆ ప్రయత్నం కంప్యూటర్‌లో నమోదే కాదు. ఫిర్యాదులు తగ్గాయని అధికారులు భావించే అవకాశం ఉంది. రద్దీ ఎక్కువైతే ఒకే తీగపై 30 సంభాషణలు మోసే ఈ-1 లైను మేలు.

మూడోది విద్యుత్తు. కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్, వాయిస్ ప్రోగ్రాం వాటంతటవే మొదలయ్యేలా అమర్చకుంటే, ఎవరో వచ్చి మీట నొక్కేదాకా లైను మూగబోతుంది.

చేయాల్సింది

ప్రారంభానికి ముందు గ్రామం నుంచే ఫోన్ చేసి చూడాలి. పెట్టేసిన వెంటనే లైను ఖాళీ అవుతోందా, తెలుగు మాట స్పష్టంగా ఉందా, ఫిర్యాదు సంఖ్య చెబుతోందా అన్నవి పరీక్షించాలి. వృద్ధులు ఒకే అంకె నొక్కి గోడు చెప్పుకునే వీలుండాలి. అన్నింటికీ మించి, రికార్డయిన ఫిర్యాదులను రోజూ విని నీటి పరీక్షలకు పంపే బాధ్యతను ఒక అధికారికి అప్పగించాల్సిన అవసరం ఉంది.