రెండు ముక్కల బందూక్ కొనే ముందు

అమెరికాలో ఉన్న మన పిల్లలకి ఈ మధ్య కొత్త షౌక్ పట్టుకుంది. ఇదివరకు శని, ఆదివారాలు దావత్‌లతో గడిచేవి. ఇప్పుడు టెంటు, స్లీపింగ్ బ్యాగు కారులో వేసుకుని జంగల్ బాట పడుతున్నారు. మంచిదే. అల్లాహ్ ఖుద్రత్‌ని ఫోన్‌లో కాకుండా కళ్లతో చూస్తున్నారు. కానీ సామాను లిస్టులో బందూక్ కూడా చేరింది. విప్పితే ముక్కలై బ్యాగులో పట్టేసే టేక్‌డౌన్ రైఫిల్. "దారి తప్పితే కుందేలునో పిట్టనో కొట్టుకుని బతకొచ్చు కదా మామూ, అన్నిటికన్నా తేలికైనది ఏదో చెప్పండి" అని అడుగుతున్నారు. జవాబు రాస్తున్నాను. పిల్లల కంటే ముందు వాళ్ల అమ్మీ అబ్బాలు చదవాలని నా ఖాహిష్.

నా రాయ్ ముందే చెప్పేస్తాను. తేలికైనది అడగడమే గలత్ సవాల్. గురి చెడనిది, మీరు నిజంగా సాధన చేసేది అడగాలి. అది కూడా బ్యాగులో మిగతావన్నీ సర్దాక, జాగా మిగిలితే.

ఈ రకం బందూక్ పుట్టింది పైలట్ల కోసం. 1950ల్లో అమెరికా వాయుసేనకి, విమానం కూలినా బతికి బయటపడ్డ మనిషి చేతికి ఏదైనా ఇవ్వాలనిపించింది. ఆర్మలైట్ కంపెనీ ఏఆర్-5 తయారుచేసింది. ఆ తర్వాత 1959లో మామూలు జనం కోసం ఏఆర్-7 వచ్చింది. దాన్ని గీసింది యూజీన్ స్టోనర్, ఏఆర్-15 కూడా ఆయనదే. బ్యారెల్, మ్యాగజైన్, యంత్రం అన్నీ వెనక ఉండే ప్లాస్టిక్ స్టాక్‌లోకి దూరిపోతాయి. ఇప్పుడు హెన్రీ కంపెనీ చేస్తున్నది 1.6 కిలోలు, సర్దితే 42 సెంటీమీటర్లు. చూడగానే దిల్ లాగేస్తుంది, ఒప్పుకుంటాను.

కానీ ఆ పైలట్ హాలత్ వేరు. కాక్‌పిట్‌లో జాగా లేదు, అడవిలోకి తన మర్జీతో రాలేదు. అతని కోసం ఫౌజ్ మొత్తం వెతుకుతుంటుంది. కారు పార్కింగ్‌లో పెట్టి నడిచి వెళ్లే మన అబ్బాయికి ఆ లెక్క నప్పదు.

ఇక గురి సంగతి. ఏఆర్-7లో వెనక సైట్ యంత్రం మీద, ముందు సైట్ బ్యారెల్ మీద ఉంటాయి. బ్యారెల్ విప్పి మళ్లీ బిగించిన ప్రతిసారీ, నట్టు ఎంత గట్టిగా తిరిగిందన్న దాన్ని బట్టి గురి మారొచ్చు. రూగర్ 10/22 టేక్‌డౌన్, 2012లో వచ్చింది, దాదాపు రెండు కిలోలు. దీంట్లో రెండు సైట్లూ బ్యారెల్ మీదే ఉంటాయి. విప్పినా బిగించినా వాటి మధ్య వరస చెదరదు. అయితే షౌక్ కొద్దీ స్కోప్ పెట్టారో, అది యంత్రం మీద కూర్చుంటుంది, ఫాయిదా పోయినట్టే. ఈ రెండింటిలో నేనైతే అరకిలో బరువు ఎక్కువైనా రూగర్‌నే పసంద్ చేస్తాను. ఏఆర్-7 మ్యాగజైన్ పెదవులు కాస్త వంగితే చాలు, తూటా సరిగ్గా ఎక్కదు. తూటాల ఎంపికలో కూడా దానికి నఖ్రాలు ఎక్కువ.

ఏది కొన్నా లోపల పేలేది .22 తూటాయే. ఎలుగుబంటిని అది ఆపదు. దానికి బేర్ స్ప్రే ఉంది.

కడుపు నిండుతుందా మరి? దీనికి జవాబు అలాస్కాలో ఉంది. 1992లో క్రిస్ మెకాండ్‌లెస్ అనే యువకుడు .22 రైఫిల్, ఒక బస్తా బియ్యంతో స్టాంపీడ్ ట్రెయిల్ వెంట అడవిలోకి వెళ్లి, పాడుబడ్డ బస్సులో మకాం పెట్టాడు. గురి బాగానే ఉంది. ఉడతల్ని, పిట్టల్ని, ముళ్లపందుల్ని కొట్టాడు. చివరికి మూస్ అనే భారీ జింకనే పడగొట్టాడు. ఆ మాంసం నిల్వ చేయడం చేతకాక పాడైపోయింది. ఆగస్టులో పోయాడు. శవం బరువు 30 కిలోలు. వెనక్కి రావడానికి ప్రయత్నిస్తే నది పొంగి అడ్డమైంది. కొద్ది దూరంలోనే నది దాటే తీగ బుట్ట ఉంది, సరైన నక్షా లేదు కాబట్టి అతనికి తెలియలేదు. ఆ బందూక్ పక్కన ఒక నక్షా ఉండుంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో.

చిన్న జానవర్ మాంసంలో కొవ్వు తక్కువ. కుందేలు మాంసం మీదే బతకాలని చూసిన మనిషి తింటూ తింటూనే క్షీణిస్తాడు. పైగా తప్పిపోయినవాళ్లు చాలావరకు ఒకటి రెండు రోజుల్లోనే దొరుకుతారు. ఆ లోపు చంపేది ఆకలి కాదు, చలి, తడి, దాహం. అలాస్కాలో విమానాలు తప్పనిసరిగా పెట్టుకోవాల్సిన సామాను జాబితాలో ఒకప్పుడు బందూక్ ఉండేది, తర్వాత తీసేశారు. గొడ్డలి, నిప్పు, గాలం, దోమతెర, సిగ్నల్ సామాను మాత్రం అప్పుడు అలాగే ఉంచారు. 100 తూటాలు సుమారు 350 గ్రాములు. ఉపగ్రహానికి ఖబర్ పంపే బీకన్ దాంట్లో సగం కూడా ఉండదు.

మనకి ఇంకో మస్అలా ఉంది. చిన్న వేటకి తలకే గురిపెట్టండి, అక్కడికక్కడే పడిపోతుంది అని సలహా ఇస్తారు. పడిపోయి చస్తే జబహ్‌కి వఖ్త్ ఏదీ? మన హనఫీ ఉలమాలో ఎక్కువమంది, గోలీతో చచ్చినది హలాల్ కాదు, జాన్ ఉండగా అందితే జబహ్ చేయాలి అంటారు. అరబ్ ఉలమాలో చాలామంది, గోలీ చీల్చుకుపోతుంది కాబట్టి పేల్చేటప్పుడు బిస్మిల్లాహ్ అంటే జాయజ్ అంటారు. ప్రాణం పోయే ఆకలిలో రుఖ్సత్ ఉంది, అది పిక్నిక్‌కి వర్తించదు. మీ ఆలిమ్‌ని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. పదునైన ఛురీ ఎలాగూ బ్యాగులో ఉండాలి.

అసలు కొనొచ్చా అన్నది అన్నిటికన్నా ముందు చూడాలి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు బందూక్ దగ్గర పెట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టంలో మామూలుగా జుర్మ్. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. దోస్త్ బందూక్ కదా, నాదేం పోతుందిలే అనుకోవద్దు. ఒక్క షౌక్ కోసం వీసా, ఉద్యోగం, ఇన్నేళ్ల మెహనత్ పణంగా పెట్టినట్టవుతుంది. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ల లెక్క వేరు, వాళ్లకి రాష్ట్ర చట్టం కూడా చూసుకోవాలి. బ్యారెల్‌ని 16 అంగుళాల కంటే కురచ చేయించడం ఇంకా పెద్ద చిక్కు. నేషనల్ పార్కుల్లో 2010 నుంచి రాష్ట్ర చట్టం ఒప్పుకుంటే వెంట ఉంచుకోవచ్చు, వేటాడటం మాత్రం చాలాచోట్ల మనా.

ఏడాదిలో నాలుగు రోజులు అడవిలో ఉండే బందూక్, మిగతా రోజులన్నీ ఇంట్లోనే ఉంటుంది. ముక్కలుగా ఉంది కదా, అల్మారా పైన బ్యాగులో పడుంటుందిలే అన్న గాఫిల్‌తనం వద్దు. ఏఆర్-7 బిగించడానికి ఓ నిమిషం చాలు, పన్నెండేళ్ల పిల్లాడికి కూడా. అమెరికాలో బందూక్ మరణాల్లో సగానికి పైగా ఖుద్‌కుషీలే. రైఫిల్ తాళం ఉన్న ఇనుప పెట్టెలో, తూటాలు వేరే తాళంలో ఉండాలి. ఈసారి వీడియో కాల్‌లో సలాం దువా అయ్యాక, ఆ తాళం చెవులు ఎవరి దగ్గర ఉంటాయో అబ్బాయిని ఒకసారి అడగండి.