తేలుకాటుకు మంత్రం కాదు, మాత్ర

మన నాడీకణాల పొరలో సోడియం అయాన్లకు ద్వారాలుంటాయి. అవి తెరుచుకొని, సెకనులో వెయ్యోవంతు కాలంలోనే మూసుకుంటేనే నాడీసంకేతం సక్రమంగా సాగుతుంది. ఎర్రతేలు విషం వాటిని సకాలంలో మూసుకోనివ్వదు. నాడులు అదేపనిగా ప్రేరేపితమై అడ్రినలిన్ వెల్లువెత్తుతుంది. చెమటలు, వాంతులు, చల్లబడిన చేతులు ప్రమాద సూచనలు. ఆపై గుండె అలసి ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. పిల్లలకు ముప్పు మరీ ఎక్కువ.

రక్తనాళాలపై అడ్రినలిన్ పట్టును సడలించే మందు ప్రాజోసిన్. మహారాష్ట్రలోని మహాడ్ ప్రాంతంలో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ఆ మాత్రతోనే ఎందరో ప్రాణాలు నిలిపారు.

కాబట్టి మహేశ్వరం పల్లెల్లో ఎవరినైనా తేలు కుడితే మంత్రాలతో కాలం వృథా చేయక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. వైద్యుని పర్యవేక్షణలో వాడేందుకు ఈ మాత్ర ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉండితీరాలి.